ఆర్కెస్ట్రాలో వాయిస్తూ తోటివాళ్ల ఫొటోలు తీసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

వయోలా_వెనకవరుస

అందరికీ నమస్కారం. ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది) వాయిస్తాను. చాలా ఏళ్లుగా ఫొటోలు తీయడం అలవాటు. కొండలూ పక్షులూ నాకు పెద్దగా పట్టవు, నాతో పాటు వాయించేవాళ్లనే తీస్తాను. విరామంలో తల వంచుకుని రీడ్ (ఊదే చోట పెట్టుకునే రెల్లు ముక్క) గీసుకుంటున్న ఓబో ఆయన, కచేరీకి ముందు గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఎడమచేతి వేళ్లు మాత్రం కదిలిస్తున్న చెల్లో ఆవిడ, రిటైరయ్యే రోజు అందరూ చుట్టూ చేరితే వాయిద్యం పెట్టె మూత వేయబుద్ధి కాక అలాగే నిలబడిపోయిన పెద్దాయన. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, ప్రొబేషన్ దాటిన కొత్తవాళ్ల కోసం జరిగే చిన్న సందడి, టూర్లలో ఎయిర్‌పోర్టు కుర్చీల్లో వంకర టింకర నిద్రలు, అన్నీ ఉన్నాయి నా దగ్గర. వీటిని ఎక్కడా పోస్ట్ చేయను. ఎవరి ఫొటో వాళ్లకి ప్రింట్ వేయించి చేతికిస్తాను, అంతే.

ఇప్పుడు సంగతేంటంటే, మా ఆఫీసు వాళ్లకి ఈ ఫొటోల గురించి తెలిసింది. ప్రచారానికి వాడుకుంటాం, మొత్తం ఇవ్వగలరా అని అడిగారు. మర్యాదగానే అడిగారు, డబ్బు కూడా ఇస్తామన్నారు. నాకు మాత్రం అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు నేను తమ మనిషినని నా ముందు అలా ఉండగలిగారు, బయటి ఫొటోగ్రాఫర్ వచ్చి ఉంటే జుట్టు సర్దుకుని నవ్వేవాళ్లు. ఇలా తీసే అలవాటు ఉన్నవాళ్లు మీరైతే ఏం చేస్తారు? పనిలో పని, హాల్లో వెలుతురు, షట్టర్ చప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో కూడా చెప్పండి.

నాలుగో_హార్న్

మొత్తం ఇవ్వొద్దు. ఒక్కసారి ఫోల్డరంతా వాళ్ల కంప్యూటర్లోకి వెళ్లిందంటే ఏ ఫొటో ఏ పోస్టర్ మీద తేలుతుందో మీ చేతిలో ఉండదు. మా దగ్గర ఒకరి వీడ్కోలు ఫొటో, ఆయన కన్నీళ్లు తుడుచుకుంటున్నది, సీజన్ టికెట్ల ప్రకటనలో వచ్చింది. తీసింది మాలో ఒకరే. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత గ్రీన్‌రూమ్‌లో కెమెరా కనబడితే చాలు మాటలు ఆగిపోయేవి. మళ్లీ మామూలవడానికి చాలా కాలం పట్టింది.

పాత_చెల్లో

నేను కొంచెం వేరేగా చెబుతాను. నాలుగో హార్న్ గారు చెప్పింది కాదనను, అలా జరగకూడదు. కానీ ఎవరి ఫొటో వాళ్ల చేతికిచ్చి ఊరుకుంటే ఆ ఆర్కెస్ట్రా చరిత్ర ముప్పై ఇళ్ల అల్మారాల్లోకి వెళ్లిపోతుంది, ఆ ఇళ్లు మారినప్పుడు పోతుంది.

న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో బర్ట్ బయల్ అని ఒకాయన ఉండేవారు. 1957లో చేరారు, వాయించేది కాంట్రాబసూన్, చాలా లోతైన స్వరం పలికే ఊదే వాయిద్యం. ఆర్కెస్ట్రా ఫొటోగ్రాఫర్‌గా కూడా ఆయనే పనిచేశారు. బెర్న్‌స్టైన్ లాంటి పేరున్న కండక్టర్లని ఎంతోమంది తీశారు, అయితే లోపల కూర్చుని వాయించే మనిషి తీసిన ఫొటోలు వేరుగా ఉంటాయి, చూస్తేనే తెలిసిపోతుంది. అవి ఇవాళ ఆ ఆర్కెస్ట్రా ఆర్కైవ్‌లో ఉన్నాయి. అలాగే ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించిన ఏడ్రియన్ సీగెల్. ఆయన కూడా వాయిస్తూనే తమ ఆర్కెస్ట్రాకి ఫొటోగ్రాఫర్ అయ్యారు. నాకు చెల్లో వాళ్ల మీద అభిమానం ఉన్నమాట నిజమే, అందుకని చెప్పడం లేదు.

అందరికంటే నాకు ఇష్టమైనవాడు మిల్ట్ హింటన్. సింఫనీ మనిషి కాదు, జాజ్‌లో డబుల్ బాస్ వాయించేవాడు. 1935లో, ఇరవై అయిదో పుట్టినరోజుకి ఒక చిన్న 35 ఎంఎం కెమెరా బహుమతిగా వచ్చింది. ఆ మరుసటి ఏడాది క్యాబ్ క్యాలొవే అనే గాయకుడి జాజ్ బృందంలో చేరి రైళ్లలో ఊరూరా తిరిగాడు, తోటివాళ్లని తీస్తూ పోయాడు. రైలు పెట్టెలో నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్న కుర్రాళ్లు, అందులో తర్వాత గొప్ప ట్రంపెట్ వాద్యకారుడిగా పేరు తెచ్చుకున్న డిజీ గిలెస్పీ ఒకడు, అప్పటికింకా పేరు రాలేదు. నల్లవాళ్లకి వేరే దారి అని రాసిన బోర్డుల కింద నిలబడి ఉన్న వాయిద్యకారులు. పత్రికల వాళ్లెవరూ ఆ రైలెక్కలేదు కాబట్టి ఆయన తీయకపోతే అవి లేనట్టే. మరి ఆ ఫొటోలన్నీ ఎవరిది వాళ్లకే ఇచ్చేసి ఉంటే మనం చూసేవాళ్లమా?

వయోలా_వెనకవరుస

చెల్లో గారూ, హింటన్ గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ ఆయన ఆ ఫొటోలు తీసింది ఎప్పుడు, లోకం వాటిని చూసింది ఎప్పుడు? మధ్యలో కొన్ని దశాబ్దాలు ఉన్నాయి కదా. మా ఆఫీసుకి వచ్చే నెల పోస్ట్‌కి కావాలి. నాకు తేడా అక్కడే కనబడుతోంది.

పాత_చెల్లో

అది ఒప్పుకుంటాను. ఆర్కైవ్ వేరు, ప్రచారం వేరు. రెండిటికీ ఒకే సంతకం పెట్టొద్దు.

టింపని_మూల

చప్పుడు సంగతి అడిగారు కదా, అది నేను చెబుతాను, ఎందుకంటే నేను వాయించేది టింపని, అంటే పెద్ద డోళ్లు, నాకు విరామాలెక్కువ, స్టేజీ మీద కూర్చునే చాలా తీస్తాను (రిహార్సల్లో మాత్రమే, కచేరీలో కెమెరా ముట్టను, ఎంత మంచి దృశ్యం కనబడినా సరే).

అద్దం ఉన్న పాత కెమెరాల్లో ఆ అద్దం పైకి లేచి పడే చప్పుడు పియానిస్సిమోలో, అంటే సంగీతం చాలా మెల్లగా నడిచేచోట, హాలు చివరిదాకా వినబడుతుంది. అద్దం లేని కొత్త కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే అసలు చప్పుడే ఉండదు. అయితే దాంతో రెండు చిక్కులు. ఒకటి, సెన్సర్ బొమ్మని పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుతుంది కాబట్టి వేగంగా కదిలే విల్లు, నేను డోళ్లు వాయించే కర్రలు వంగిపోయినట్టు పడతాయి. రెండు, ఎల్‌ఈడీ దీపాల కింద ఫొటోలో అడ్డంగా చారలు వస్తాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట మామూలు దీపం సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెడితే చాలావరకు పోతాయి. 60 ఉన్నచోట 1/60, 1/125. స్టేజీ ఎల్‌ఈడీలని మసక చేసినప్పుడు ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. అప్పుడు నేను మెకానికల్ షట్టర్‌కి మారి, ఫోర్టిస్సిమో, అంటే అందరూ చాలా గట్టిగా వాయించేచోటు, వచ్చేదాకా ఆగి నొక్కుతాను. ట్రాంబోన్లు మోగుతున్నప్పుడు మన షట్టర్ ఎవరికీ వినబడదు.

ఇంకా ముఖ్యమైనది ఫోకస్ కోసం కెమెరా ముందు వెలిగే ఆ చిన్న ఎర్ర దీపం. ఆపేయండి. బీప్ ఆపేయండి. వెనక స్క్రీన్ కూడా ఆపేసి కంటిదగ్గర పెట్టుకునే చూడండి. ఫ్లాష్ గురించి చెప్పక్కర్లేదనుకుంటాను.

కొత్తవిల్లు

టింపని అన్నా, నల్లకోట్లు, తెల్లకాగితాలు ఒకే ఫ్రేములో వస్తాయి, నాకు ప్రతిసారీ మొహాలు పాడైపోతున్నాయి. ఏం చేయాలి?

టింపని_మూల

కెమెరా మీటర్ ఆ నల్లబట్టలని చూసి చీకటిగా ఉందనుకుని అంతా తెల్లగా చేసేస్తుంది, మొహం పాలిపోతుంది. స్పాట్ మీటర్ (ఫ్రేములో ఒక్క చోట వెలుతురు మాత్రమే కొలిచేది) పెట్టి మొహం మీద కొలుచుకో, లేదంటే మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకుని వదిలేయి, రిహార్సలంతా దీపాలు ఎలాగూ మారవు. స్టాండ్ మీద కాగితం తెల్లగా కాలిపోయినా పర్లేదు, అక్కడ స్వరాలు చదవాల్సింది మనం కాదు. 85 ఎంఎం లెన్స్, ఎఫ్/1.8 ఉంటే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) మరీ పెంచక్కర్లేదు. పార్టీలకి మాత్రం 35 ఎంఎం. దగ్గరగా వెళ్లాలి, దూరంనుంచి జూమ్‌తో తీస్తే నిఘా పెట్టినట్టుంటుంది.

నాలుగో_హార్న్

ఒక విన్నపం. ఊదేవాళ్లని ఊదుతుండగా తీయకండి. బుగ్గలు, పెదవులు, నుదుటి నరాలు, ఎవరికీ ఆ ఫొటో నచ్చదు. ఊపిరి తీసుకునే క్షణం ఉంటుంది, వాయిద్యం పెదవులకి తగలబోయే ముందు, కళ్లు కండక్టర్ మీద ఉంటాయి. అప్పుడు తీయండి. నా దగ్గర అలాంటిది ఒకటుంది, మా రెండో ట్రంపెట్ ఆయన తీశాడు, మా అమ్మ దాన్నే గోడకి పెట్టుకుంది.

వయోలా_వెనకవరుస

ఇది నిజం. ఆ ఊపిరి ముందే వస్తుందని తెలిసేది వాయించేవాళ్లకే. స్కోర్, అంటే ఎవరు ఎప్పుడు ఏం వాయించాలో రాసి ఉన్న కాగితం, తెలుసు కాబట్టి ఎవరు ఎప్పుడు ఖాళీగా ఉంటారో కూడా మనకి తెలుసు. బీతోవెన్ అయిదో సింఫనీలో ట్రాంబోన్లు చివరి భాగం దాకా వాయించరు, కాంట్రాబసూన్, పికోలో కూడా అంతే. అంతసేపు మాట్లాడకుండా, కదలకుండా కూర్చునే ఆ ముగ్గురు ట్రాంబోన్ల మొహాలు నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టం. ద్వోర్జాక్ తొమ్మిదో సింఫనీలో ట్యూబాకి (ఊదే పెద్ద ఇత్తడి వాయిద్యం) రెండో భాగంలో మాత్రమే పని, అదీ కొన్ని స్వరాలు. మిగతాదంతా వింటూ కూర్చుంటాడు. ఆయన అంత శ్రద్ధగా వినడం చూస్తే ప్రేక్షకులు ఇలా వింటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

బయల్ కాంట్రాబసూన్ వాయించేవారంటే అందుకే నాకు ఆశ్చర్యం కలగలేదు.

స్టేజీ_వెనక

నేను వాయించను. కుర్చీలు, స్టాండ్లు సర్దేది, హార్ప్ మోసేది, టూర్‌లో ట్రంకులు ఎక్కించేది మేం. ఇంతసేపూ చదివాను, ఒక్కటి అడుగుతాను. మీ ఫొటోల్లో మేం ఉన్నామా? కాగితాలు సర్దే లైబ్రేరియన్ ఉన్నారా? ఎందుకడుగుతున్నానంటే, మా దగ్గర పాతికేళ్ల వేడుక ఆల్బమ్ వేశారు, అందులో మావాళ్లు ఒక్కరూ లేరు, ఒక ఫొటోలో ఎవరిదో మోచేయి ఉంది, అది నాదేనని నాకు తెలుసు.

వయోలా_వెనకవరుస

ఉన్నారు సార్. చాలామందే ఉన్నారు. మాకు పియానో జరిపే అన్నయ్య కూతురి పెళ్లి మొత్తం నేనే తీశాను. కానీ మీరు అడిగాక ఫోల్డర్లు తెరిచి చూస్తే లైబ్రేరియన్ మేడం ఫొటోలు తక్కువే, ఆవిడ ఎప్పుడూ మేం రాకముందే వచ్చి పని ముగించి వెళ్లిపోతారు. ఈ వారం గంట ముందు వెళ్తాను.

పాత_చెల్లో

స్టేజీ వెనక గారూ, మీరు అడిగింది నాకు గట్టిగా తగిలింది. దెగా అనే ఫ్రెంచి చిత్రకారుడు 1870 ప్రాంతంలో పారిస్ ఒపేరా ఆర్కెస్ట్రా పిట్ (స్టేజీ ముందు వాయిద్యకారులు కూర్చునే పల్లం) బొమ్మ వేశాడు, ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో నడిమధ్యన తన స్నేహితుడు, బసూన్ వాయించే దెజిరె దియోని కూర్చోబెట్టాడు. పిట్‌లో బసూన్ అంత ముందుకి ఉండదు, స్నేహితుడి కోసం తనే ముందుకి తెచ్చాడు. పైన స్టేజీ మీద నాట్యం చేస్తున్న అమ్మాయిలకి తలలే లేవు, ఫ్రేము అక్కడ ఆగిపోయింది. జనం టికెట్ కొని చూడ్డానికొచ్చిన వాళ్లని కత్తిరించేసి, ఎవరూ చూడని మనిషిని మధ్యలో పెట్టాడు. మనవాళ్లు కెమెరా పట్టుకుంటే చేయాల్సిన పని ఇదేనని నా నమ్మకం. మాస్ట్రో ఫొటోలు తీసేవాళ్లు లోకంలో కావలసినంతమంది ఉన్నారు.

ఫ్లూట్_ట్రయల్

నేను ఇంకా ట్రయల్‌లో ఉన్నాను, పర్మనెంట్ అవుతానో లేదో తెలియదు. ఫొటో తీయబడే వైపు నుంచి చెప్పనా? మా దగ్గర క్లారినెట్ ఆవిడ ఒకరు తీస్తారు. నేను చేరిన మొదటి వారం నా దగ్గరికొచ్చి, నిన్ను తీయొచ్చా, వద్దంటే ఏమీ అనుకోను, ఇవాళ వద్దని రేపు సరేనన్నా సరే, ఇవాళ సరేనని రేపు చెరిపేయమన్నా సరే అన్నారు. ఆ ఆఖరి మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. ఎందుకంటే ఈ ఉద్యోగం రాకపోతే, నేను ఈ బృందంతో కలిసి నవ్వుతున్న ఫొటోలు వాళ్ల ఫోన్లలో తిరుగుతుంటే భరించగలనా అని అప్పట్లో భయం. ఆవిడ తీశారు, ఎవరికీ చూపించలేదు, నాక్కూడా చూపించలేదు. నిర్ణయం వచ్చాక ఇస్తానన్నారు, ఎటువైపు వచ్చినా.

పెద్దవాళ్లు అడగకుండా తీసినా కొత్తవాళ్లు వద్దనలేరు. దయచేసి అది గుర్తుంచుకోండి. కమిటీలో ఓటు వేసేవాళ్లే కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడితే నవ్వక ఏం చేస్తాం.

నాలుగో_హార్న్

ఇది అందరూ చదవాలి.

వయోలా_వెనకవరుస

అమ్మా, నువ్వు రాసింది చాలా బాగుంది. నేను ట్రయల్‌లో ఉన్నవాళ్లని అసలు తీయకుండా ఉంటున్నాను ఇంతకాలం. కానీ మీ క్లారినెట్ మేడం పద్ధతి అంతకంటే మేలనిపిస్తోంది, ఎందుకంటే పర్మనెంట్ అయ్యాక మొదటి రోజుల ఫొటోలు కావాలంటే ఎక్కడా ఉండవు. నిర్ణయం నీకు అనుకూలంగా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కొత్తవిల్లు

ఏడుస్తున్నవాళ్లని తీయొచ్చా? మొన్న ఒకరి చివరి కచేరీ అయింది. చప్పట్లు కొట్టడానికి చేతుల్లో విల్లులున్నాయి కాబట్టి అందరూ స్టాండ్లని తడుతున్నారు, ఊదేవాళ్లు కాళ్లతో నేలని రాపాడిస్తున్నారు, ఆయన తలొంచుకుని ఏడుస్తున్నారు. నేను కెమెరా ఎత్తలేకపోయాను.

పాత_చెల్లో

మొహం తీయక్కర్లేదు. అలాంటప్పుడు నేనైతే చుట్టూ ఉన్నవాళ్లని తీస్తాను. పక్కన ఏళ్ల తరబడి ఒకే స్టాండ్ పంచుకున్న మనిషి ఆయన వైపు ఎలా చూస్తున్నాడో, అది ఇంటికి పట్టుకెళ్లాల్సిన ఫొటో, ఎందుకంటే ఆయనకి ఆ క్షణంలో అదొక్కటే కనబడి ఉండదు.

హైడెన్ 45వ సింఫనీ ఉంది కదా, 1772లో రాసింది, వీడ్కోలు సింఫనీ అంటారు. ఆయన కొలువున్న ప్రభువు వేసవి భవనంలో ఎక్కువకాలం ఉండిపోతే, ఇళ్లకి వెళ్లాలని తపిస్తున్న వాయిద్యకారుల తరఫున ఆ మాట సంగీతంతో చెప్పాడు. చివర్లో ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారు, ఆఖరికి రెండు వయొలిన్లు మిగులుతాయి. మేం ఒకాయన రిటైర్‌మెంట్‌కి దాన్ని తిరగేసి చేశాం. ఆయన ఒక్కరే కూర్చుని వాయిస్తుంటే మేం ఒక్కొక్కరం వచ్చి చేరాం, చివరికి అందరం ఉన్నాం. దాని ఫొటోలు తీయడానికి మాలో ఒకరు వాయించడం మానుకుని బాల్కనీలోకి వెళ్లారు. ఆయన వాయించకపోవడం నాకు చాలా పెద్ద త్యాగంలా అనిపించింది, ఇవాళ్టికీ అనిపిస్తుంది.

నెగటివ్_పెట్టె

ఒక ఆర్కెస్ట్రా ఆర్కైవ్‌లో పనిచేస్తాను. ఆలస్యంగా చూశాను ఈ చర్చ.

ఫొటోలు మాదాకా వచ్చేసరికి తీసినవాళ్లు చాలావరకు ఉండరు. పెట్టెలు వాళ్ల పిల్లలు తెస్తారు. ఫొటో అద్భుతంగా ఉంటుంది, పుట్టినరోజు కొవ్వొత్తుల ముందు ఏడుగురు పగలబడి నవ్వుతుంటారు, ఒక్కరి పేరు కూడా రాసి ఉండదు. కండక్టర్ ఎవరో తెలుస్తుంది, సోలోయిస్టు తెలుస్తుంది, రెండో వయొలిన్లలో అయిదో స్టాండ్ మీద ఎవరున్నారో చెప్పేవాళ్లు ఉండరు. కార్యక్రమ పత్రికల్లో పేర్ల జాబితా దొరుకుతుంది గానీ ఏ పేరు ఏ మొహానిదో ఎలా తెలుస్తుంది? రిటైరైనవాళ్లని పిలిచి కూర్చోబెట్టి అడుగుతుంటాం. వాళ్లలో కొందరికి జ్ఞాపకశక్తి తగ్గిపోతుంటుంది, ఒక్కోసారి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంది, అప్పుడు వాళ్లు పడే బాధ చూడలేం.

అందుకని వయోలా గారికి నా మాట: ఎవరికి ఇచ్చినా ఇవ్వకపోయినా, పేర్లు రాయండి. ఎడమనుంచి కుడికి, పూర్తి పేరు, వాయిద్యం, సందర్భం, తేదీ, హాలు. అదే రాత్రి రాయండి. ఫైలు పేరులో కాదు, ఫొటో లోపలే వివరాలు దాచుకునే చోటు ఉంటుంది, ఐపీటీసీ అంటారు, చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో కనబడుతుంది. ఫైలు ఎక్కడికి కాపీ అయినా పేర్లు దాంతోనే వెళ్తాయి. జాగ్రత్త ఏంటంటే వాట్సాప్ లాంటివాటిలో మామూలుగా ఫొటోగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి, అసలు ఫైలు వేరుగా ఉంచుకోవాలి.

ఫిల్ము మీద తీసిన పాతవి ఉన్నాయా మీ దగ్గర? పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తుంటే అసిటేట్ ఫిల్ము పాడవడం మొదలైందన్నమాట. ఒకసారి మొదలయ్యాక ఆగదు, పక్కనున్న రీళ్లకి కూడా పాకుతుంది. వేరుచేసి, చల్లగా పొడిగా ఉండేచోట పెట్టి, ముందు వాటినే స్కాన్ చేయించండి.

వయోలా_వెనకవరుస

మేడం, ఫిల్మువి కొన్ని ఉన్నాయి, మా నాన్నగారు కూడా వాయిద్యకారులే, ఆయన తీసినవి. వాసన చూస్తాను ఇవాళే. పేర్లు నా దగ్గర ప్రింట్ల వెనక రాసి ఉంటాయి, కానీ ఆ ప్రింట్లు ఇచ్చేశాను కదా, ఫైళ్లలో లేవు. మీ మాట విన్నాక ఇదే ముందు చేయాలనిపిస్తోంది.

నెగటివ్_పెట్టె

వేలల్లో ఉంటే భయపడకండి. వేడుకల ఫొటోలతో మొదలుపెట్టండి, ఎందుకంటే కచేరీ ఫొటోలో కూర్చున్న చోటునిబట్టి మనిషిని పోల్చుకోవచ్చు, పార్టీలో ఎవరు ఎక్కడ నిలబడతారో లెక్కుండదు. పిల్లలు, భర్తలు, భార్యలు కూడా ఉంటారు, వాళ్లని పోల్చడం మాకు దాదాపు అసాధ్యం.

వయోలా_వెనకవరుస

అప్‌డేట్. ఆఫీసు వాళ్లతో మాట్లాడాను. ముందు మావాళ్లతో మాట్లాడాకే వెళ్లాను. రిహార్సల్ తర్వాత ఒక పావుగంట ఉండమని అడిగితే దాదాపు అందరూ ఉన్నారు. అందరూ కలిసి ఒప్పుకున్నది ఇది. ఫొటోలు నావే. ప్రచారానికి కావాలంటే ఒక్కొక్క ఫొటోకి అందులో కనబడే ప్రతి ఒక్కరూ సరేననాలి, ఒక్కరు కాదన్నా ఆ ఫొటో బయటికి పోదు, ఎందుకని అడగకూడదు. వీడ్కోళ్లు, ఆడిషన్ రోజులు, పిల్లలున్న ఫొటోలు ప్రచారానికి అసలే ఇవ్వను. ఆర్కైవ్‌కి మాత్రం పేర్లతో సహా ఇస్తాను, ఎన్నేళ్లు మూసి ఉంచాలో ఎవరి ఫొటోకి వాళ్లే చెప్పొచ్చు. డబ్బు వద్దన్నాను, దాని బదులు ప్రింట్ల ఖర్చు ఆఫీసే పెట్టుకుంటానంది.

నన్ను కదిలించింది ఒకటి చెప్పాలి. మా రెండో ఓబో ఆవిడ ఏ మీటింగులోనూ నోరు విప్పరు. ఆవిడ లేచి, మా ఇంట్లో నేను వాయిస్తున్నట్టు ఉన్న ఫొటో ఇదొక్కటే, దీన్ని ఎవరికి చూపించాలన్నా నన్ను అడగక్కర్లేదు అన్నారు.

నాలుగో_హార్న్

ఒక్కరు కాదన్నా పోదు అన్న షరతు రాతలో ఉందా? నోటిమాటైతే మేనేజర్ మారగానే మాయమవుతుంది.

వయోలా_వెనకవరుస

ఉంది. మా ఆర్కెస్ట్రా కమిటీ ద్వారా రాయించి రెండువైపులా సంతకాలు తీసుకున్నాం.

స్టేజీ_వెనక

లైబ్రేరియన్ మేడం దొరికారా?

వయోలా_వెనకవరుస

దొరికారు. వయోలా పార్టుల్లో (మేం వాయించే స్వరాల కాగితాల్లో) పెన్సిలు గుర్తులు చెరుపుతూ ఉన్నారు, అవి పెట్టింది మేమే. మొదట వద్దన్నారు, తర్వాత రబ్బరు పక్కన పెట్టి, చేతులు మాత్రం తీయండి అన్నారు. చేతులే తీశాను. బాగా వచ్చింది. ప్రింట్ వేయించడానికిచ్చాను, శుక్రవారం ఇస్తాను.

కొత్తవిల్లు

నెగటివ్ పెట్టె మేడం, ఒక ఫొటోలో ఇద్దరి పేర్లు నాకు తెలియవు, వాళ్లు ఆ ఒక్క కచేరీకి అదనంగా వచ్చిన వాళ్లు. ఖాళీగా వదిలేయనా?

నెగటివ్_పెట్టె

వదలొద్దు. ఎడమనుంచి నాలుగో వ్యక్తి, పేరు తెలియదు, అదనపు వయోలా, ఫలానా తేదీ అని రాయి. ఆ తేదీ ఉంటే జీతాల పట్టికలో మేం వెతుక్కుంటాం. అంతకంటే తేలిక, మీ పర్సనెల్ మేనేజర్‌ని (వాయించేవాళ్లని పిలిచి హాజరు చూసుకునేవాళ్లని) రేపు అడుగు, అదనంగా ఎవరిని పిలిచారో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది.